వణికే బిడ్డకు చుట్టిన పంచె

నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. దయ్యాలంటే నాకు మొదటినుంచీ నమ్మకం లేదు. మార్చురీ పక్కన కూర్చుని సంగటి తిన్నదాన్ని.

మదనపల్లెలో ఒక ఆసుపత్రిలో పసిబిడ్డల వార్డుకు ఆయాను. నేను చెప్పే మగబిడ్డకు అప్పటికి మూడు రోజులు. తల్లిది కుప్పం, మదనపల్లె పక్కన అంగళ్లు అనే ఊరికి ఇచ్చారు. నడుము నొప్పికని మత్తు మాత్రలు అలవాటై, కడుపుతో ఉండగా కూడా మానలేకపోయింది. పుట్టాక ఆ మందు అందక బిడ్డకు వణుకు పట్టుకుంది. కీచుమని ఏడుపు. నిద్ర లేదు, పాలు తాగడు. అలాంటి బిడ్డను మసక వెలుతురులో, చప్పుడు లేకుండా, మెత్తని గుడ్డలో బిగించి చుట్టి ఉంచాలి. సాయంత్రానికి పాలు తాగకపోతే తిరుపతికి పంపాలన్నారు డాక్టరు. అంత దూరం తట్టుకుంటాడా అని నా భయం.

ఆ వణుకు నాకు కొత్త కాదు. మా ఆయన పుంగనూరులో ఆవులు కాసేవాడు. సారా ఒక్కసారిగా మానేసి అలాగే వణికాడు. "వదలొద్దు మే, పట్టుకో" అన్నాడు. నేను నీళ్లకని లేచి వెళ్లి వచ్చేసరికి ప్రాణం లేదు.

పురిటిబిడ్డకు కొత్తగుడ్డ వాడం. తల్లి దగ్గర పాతవి లేవంటే ఇంట్లోంచి నా చీర ముక్కలు తెచ్చాను. చుట్టాక చూస్తే అది వాటిలో కలిసి వచ్చిన మా ఆయన పంచె. అంచు దగ్గర బీడీ కాలిన చిల్లు. పోయినవాళ్ల గుడ్డ పసిబిడ్డకు తగిలించకూడదు. విప్పుదామంటే అప్పుడే ఏడుపు కాస్త తగ్గింది. అలాగే ఉంచి, తల్లి పిండిన పాలు తేవడానికి లేచాను.

తిరిగి వస్తే వణుకు లేదు, ఏడుపూ లేదు. వంగి చూశాను. ఊపిరి ఉంది. నిద్రపోతున్నాడు.

గుమ్మం దగ్గర రాసుకుంటున్న సిస్టరు కసిరింది.

"ఏమమ్మా, మగమనిషిని యాల రానిస్తివి లోపలికి?"

"ఎవురొచ్చినారమ్మా? వాకిట్లో ఉండేది నువ్వే కదా!"

"నా చెవులు బాగానే ఉండాయి. హో... హో... అని ఆవును నిమిరినట్ల అంటా ఉన్నాడు. ఇది వార్డనుకున్నారా, కొట్టమనుకున్నారా?"

బెదిరిన దూడను మా ఆయన అలాగే ఊరడించేవాడు. ఆ సంగతి సిస్టరుకు నేనెప్పుడూ చెప్పలేదు.

గదికి తలుపు ఒకటే. కిటికీకి ఇనుప జాలీ. ఇద్దరం వెతికాం, ఎవరూ లేరు.

గంట తర్వాత బిడ్డ లేచి పాలు తాగాడు. తిరుపతికి పంపలేదు. కొన్నాళ్లకు తల్లి ఒళ్లో ఇంటికి పోయాడు. పంచె ఉతికి పెట్టెలో పెట్టుకున్నాను.

ఆ గొంతు ఎవరిదో ఇప్పటికీ చెప్పలేను. నేను లేచి వెళ్లిన ఆ కాసేపూ బిడ్డను ఎవరో వదలకుండా పట్టుకున్నారు. అంతవరకే నాకు తెలుసు.