చూడని ఊరి పటం

మా వైపు సెల్‌ఫోన్లు కొత్తగా వస్తున్న ఆ కాలంలో, ఒక దేశాన్ని తెలుసుకోవాలంటే దాని మీద పుస్తకం చదివితే చాలని, వెళ్లి చూడటం చదవలేనివాళ్ల పద్ధతని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. ఖమ్మం లైబ్రరీలో చైనా మీద ఉన్న మూడు పుస్తకాలూ (ఒకదానికి చివరి పేజీలు లేవు) దాదాపు కంఠతా వచ్చు. అందుకే, చర్చి పెద్దల పరిచయంతో ఉత్తర చైనాలోని ఒక చిన్న పట్నంలో మూడు నెలలు ఇంగ్లీషు చెప్పడానికి ఇద్దరిని పంపినప్పుడు, కారేపల్లి నుంచి నేను వెళ్లడం న్యాయమే అనిపించింది గాని, పాఠ్యపుస్తకం తప్ప మరొకటి ముట్టని సత్తుపల్లి టీచరక్క ఎందుకొస్తోందో అర్థం కాలేదు.

అక్కడి చలికి జడిసి నేను బడి, హాస్టలు దాటలేదు. బడి లైబ్రరీలో చైనా మీద ఇంగ్లీషు పుస్తకాలు దొరికాయి మరి! అక్క మాత్రం సాయంత్రమైతే పిల్లల్ని వెంటేసుకుని బజారు తిరగడానికి బయల్దేరేది.

"ఏంది తమ్మీ, గింత దూరమొచ్చి గీ పుస్తకాలేంది? లే, వాగు గడ్డకట్టింది. పిల్లలు దాని మీద జారుతున్నరు, చూద్దువు రా."

"నాకెరుకే అక్కా. గా వాగు పొడుగెంతో గూడ చెప్తా."

"పొడుగు కొలిచి ఏం జేస్తవ్?" అంటూ వెళ్లిపోయేది.

ఆఖరి రోజు వీడ్కోలు సభ. వచ్చే ఏడాది మా ఇద్దరిలో ఒకరినే పిలుస్తామని, ఎవరన్నది పిల్లలే తేలుస్తారని హెడ్మాస్టరు ముందే చెప్పారు. ఆ పిలుపు నాకే రావాలని పన్నెండు పేజీల ఉపన్యాసం రాసుకున్నాను. వాళ్ల రాజవంశాలు, వాళ్ల గోడ, వాళ్ల పట్టు, అన్నీ వాళ్లకే వివరించాను. పిల్లలు మర్యాదగా విన్నారు (నిద్రపోయిన ఇద్దరూ మర్యాదగానే నిద్రపోయారు). తర్వాత అక్క లేచి, బూట్లు కుట్టే తాతనీ, సోయా పాలమ్మే ఆమెనీ, హాస్టలు వంటామెనీ పేరుపేరునా తలచుకుని, "నేను వెళ్లొస్తానన్నానని వాళ్లకు చెప్పండి" అంది. అంతే. సగం తరగతి ఏడ్చింది. పిలుపు ఆమెకే వచ్చింది.

నాకు పిల్లలు ఒక చుట్టిన కాగితం ఇచ్చారు. ప్రశంసాపత్రం అనుకుని గర్వంగా విప్పాను. చేత్తో గీసిన ఊరి పటం! హాస్టలు గేటు నుంచి మొదలుపెట్టి, ఏ సందులో ఏముందో బొమ్మలతో సహా ఇంగ్లీషులో రాశారు. ఇచ్చిన అమ్మాయి బెరుగ్గా, "ఒక్కసారీ బయటికి రాలేదు కదా సార్. దారి తెలియదేమో అనుకున్నాం" అంది.

అక్క నవ్వు ఆపుకుంటూ, "అవ్, మంచిగిచ్చిన్రు. ఇగ చదువుకో తమ్మీ!" అంది.

రైలు కదిలాక ఆమె కిటికీకి ముఖం ఆనించి, స్టేషనుకొచ్చిన పిల్లలకు చేయూపుతూనే ఉంది. నేను పటం చదువుతూ కూర్చున్నాను. తలెత్తేసరికి బయట మంచు కప్పిన పొలాలే ఉన్నాయి. కాల్చిన చిలగడదుంపల బండి ఏ మలుపులో ఉండేదో ఇప్పటికీ కళ్లు మూసుకుని చెప్పగలను. అవి ఎలా ఉంటాయని ఎవరైనా అడిగితే మాత్రం, సత్తుపల్లికి ఫోన్ కలిపి అక్కతో మాట్లాడిస్తాను.