యాసిడ్ తొట్టి దగ్గరి ఈల

తొట్టి మీద పొగను బయటికి లాగే ఫ్యానును ఊడదీసి, కార్ల వాళ్లు కూర్చుని టీ తాగే గదికి బిగించాడు మెరుగు పెట్టే షెడ్డు యజమాని అజ్మతుల్లా. వాళ్లకు వాసన తగలకూడదట. ఆరేళ్లుగా ఆ తొట్టి దగ్గరే నిలబడి పనిచేస్తున్న నజ్మా దుపట్టాను ముక్కు మీదుగా ఇంకో చుట్టు చుట్టుకుంది.

నజ్మాది ఎమ్మిగనూరు. రోజూ పొద్దున బస్సెక్కి ఆదోని వస్తుంది. పాత అంబాసిడర్లను, ఫియట్లను ముద్దుగా చూసుకునేవాళ్లు ఆ షెడ్డుకు ప్లాస్టిక్ సామాన్లు తెస్తారు. డాష్‌బోర్డు గుబ్బలు, దీపాల చుట్టూ ఉండే రింగులు. ప్లాస్టిక్‌కు మెరుగు ఊరికే అంటదు. ముందు వేడి క్రోమిక్ యాసిడ్‌లో ముంచి, కంటికి కనిపించని గుంతలు పడేలా కొరికించాలి. ఆ తర్వాతే రాగి, నికెల్, పైన క్రోమ్. ముంచేది నజ్మా.

ఈమధ్య ఆ తొట్టి దగ్గర సన్నగా ఒక ఈల వినిపిస్తోంది. ఆగి ఆగి వస్తుంది. నజ్మాకు పని నేర్పిన కోసిగి సుంకులమ్మ చనిపోయి ఏడాదయింది.

"ఆయమ్మే వచ్చినాది," అంది సామాన్లు తుడిచే హులిగెమ్మ. "బతికినప్పుడు గూడా ఇట్లే ముక్కుతో పాట పాడతాండె."

"సచ్చినాక గూడా డ్యూటీకి వస్తాదా అక్కా?"

"సాబ్ లీవు ఇచ్చింటే గదా."

ఇద్దరూ నవ్వుకున్నారు. అయినా మర్నాడు హులిగెమ్మ తొట్టి గట్టు మీద నిమ్మకాయ పెట్టింది. రెండు రోజులకే అది నల్లబడి ముడుచుకుపోయింది.

ఒక మధ్యాహ్నం హులిగెమ్మ అన్నానికి వెళ్లింది. మెరుగు పట్టి కొక్కేలకు వేలాడుతున్న నలభై గుబ్బల్లో నలభై నజ్మాలు. ఒక్కదానికీ ముక్కు లేదు, దుపట్టానే ఉంది. ఈల మొదలైంది. ఎక్కడినుంచో తెలుసుకుందామని నజ్మా ఊపిరి బిగబట్టింది.

ఈల ఆగింది.

ఊపిరి వదిలింది. ఈల వచ్చింది. మళ్లీ బిగబట్టింది. నలభై ముఖాలూ ఆమెనే చూస్తున్నాయి.

సాయంత్రం ఆ ఈల ఆమెతోపాటే బస్సెక్కింది. ఎమ్మిగనూరులో ఆమెతోనే దిగింది.

డాక్టరు టార్చి వేసి చూసి, "నొప్పి లేదా?" అని రెండుసార్లు అడిగాడు. లేదు. రెండు ముక్కు రంధ్రాల మధ్య గోడకు పెసరగింజంత చిల్లు పడింది. యాసిడ్ పొగ పని అన్నాడు. సుంకులమ్మ ఏనాడూ పాట పాడలేదని నజ్మాకు అప్పుడర్థమైంది.

ఆ వారమే రిటైర్డు మాస్టారు భీమసేనరావు తన అంబాసిడర్ గుబ్బలు తెచ్చాడు. నజ్మా మొదటిసారి టీ గదిలోకి వచ్చి ఆయన ముందు నిలబడింది.

"సార్, దీనికి యాసిడే కావాలని లేదు. గాలి తీసేసిన పెట్టెలో అల్యూమినియం ఆవిరి పట్టిస్తారు. లేదంటే వెండి ద్రావకం పిచికారీ కొట్టి, మెరుపు పోకుండా పైన లక్కర్ పూస్తారు. కారు లోపలి గుబ్బలకు అది సాలు."

"దీనంత గట్టిగా ఉంటాదా?"

"ఉండదు సార్."

"మరి ఏంటికమ్మా?"

నజ్మా దుపట్టా దించింది. అంతలో కరెంటు పోయి ఫ్యాను ఆగింది. గదంతా నిశ్శబ్దమైంది. అందులో ఈల.

భీమసేనరావు నాలుగు మూలలా చూశాడు. "ఎవరది?"

"నేనే సార్. పొగకు ముక్కు లోపల చిల్లు పడినాది, ఈ ఫ్యాను ముందు తొట్టి మీద ఉండె."

అజ్మతుల్లా టీ కప్పులోకి చూస్తూ ఉండిపోయాడు. మాస్టారు గుబ్బలను మళ్లీ కాగితంలో చుట్టాడు. "పిచికారీనే కొట్టించప్పా," అన్నాడు అజ్మతుల్లాతో. "ఆ ఫ్యాను గూడా దాని జాగాలో పెట్టు."

ఫ్యాను ఇంకా టీ గదిలోనే ఉంది. తొట్టి వేడిగానే ఉంది.

మీకు పాత కారు ఉంటే, దాని ప్లాస్టిక్‌కు మెరుగు పెట్టించేముందు షెడ్డు లోపలికంటా వెళ్లండి. ఏ పద్ధతిలో చేస్తారో అడగండి. పొగ లాగే ఫ్యాను తొట్టి మీద ఉందో, మీరు కూర్చున్న గదికి ఉందో చూడండి. మీ గదికే ఉంటే సామాను వెనక్కి తీసుకోండి, ఎందుకో కూడా చెప్పండి. అంతకు ముందు ఒక్క నిమిషం మాట్లాడకుండా నిలబడి వినండి.