సర్వర్ నోట్లో మట్టి కొట్టిన నా పొదుపు

ఖాళీగా కనిపించేదంతా వృథాయేనని నమ్మే మూర్ఖుల్లో నేను అగ్రగణ్యుణ్ణి. ఆ నమ్మకంతోనే సౌదీలోని అల్ ఖర్జ్‌లో ఒక డెయిరీ ఫారాన్ని ఎలా స్తంభింపజేశానో చెబుతాను. నవ్వుకోండి, ఆవులే నవ్వాయి.

అక్కడ ముదీర్, అంటే మేనేజర్, చేతికింద కంప్యూటర్లు చూసుకోవడం నా పని. పాలు పితికే షెడ్డుకు ఒక సర్వర్ ఉండేది. ఆవు మెడ పట్టీలోని నంబరు చదివి, మందులు వాడుతున్నదైతే దాన్ని వేరే గేటులోకి మళ్లించే ప్రోగ్రాం అందులో నడిచేది. ఒకరోజు చూస్తే మెమరీలో కొంత ఖాళీ! ఆపరేటింగ్ సిస్టమ్ కోసం వదిలిన వాటా అది. క్యాంపులో గదికి ఆరుగురం సర్దుకుని బతికేవాళ్లం. ఖాళీ మంచం కనిపిస్తే ఎవరినో ఒకరిని పడుకోబెట్టనిదే నాకు తోచదు. ఆ మెమరీ కాస్తా ఆవుల వివరాలు దాచే డేటాబేస్‌కు రాసిచ్చేసి, వేగం పెరుగుతుందని మీసం దువ్వుకున్నాను.

మధ్యాహ్నం షెడ్డు సూపర్‌వైజర్ రాజన్న ఫోన్ చేశాడు. నిజామాబాద్ మనిషి.

“సారూ, గేటు కదుల్తలేదు. ఆవులు లైనుగట్టి ఒర్రుతున్నయ్.”

“ఒక్క నిమిషం, రాజన్నా!”

“పితుకుడు బంద్ వెట్టిన. మందు ఆవు పాలు ట్యాంకుల కలిస్తె మొత్తం పారబోసుడే. ముదీర్ మనిద్దరికి ఎగ్జిట్ కొట్టి ఇంటికి తోల్తడు!”

సర్వర్ ముందు కూర్చుని పాస్‌వర్డ్ కొట్టాను. ఒక్క అక్షరం పడితే ఒట్టు. ఇల్లంతా చుట్టానికిచ్చి ఇంటాయన్ని గడప బయట నిలబెట్టానన్నమాట! నా పేరు రాసుకునేందుకైనా ఆపరేటింగ్ సిస్టమ్‌కు పాపం చోటు మిగల్లేదు.

రాజన్న పరుగున వచ్చాడు. “ఏమైంది సారూ?”

“మెమరీ అయిపోయింది.”

“ఎవలిది, నీదా?”

చివరికి కరెంటు ఆపి మళ్లీ వేశాను. డేటాబేస్ పొట్ట నింపుకునేందుకు కొంతసేపు పడుతుంది. ఆ సందులో దూరి దాని వాటా కోసి, ఆపరేటింగ్ సిస్టమ్ ముద్ద దానికి మిగిల్చాను. గేటు కదిలింది. ట్యాంకు చెడలేదు, ఉద్యోగాలు నిలిచాయి.

రాజన్న నోరు మాత్రం ఆగలేదు. మెస్‌లో అందరి ముందూ, “సారు దిక్కు ఖాళీ ప్లేటు వెట్టకుర్రి, నింపుతడు!” అనేవాడు. పైగా హుకుం: “ఇగ నుంచి జరంత తేడా వచ్చినా ముందుగాల నాకు జెప్పాలె.”

ఇకపై ఆపరేటింగ్ సిస్టమ్ వాటా కలలో కూడా ముట్టనని పాల ట్యాంకు సాక్షిగా ఒట్టేసుకున్నాను. హుకుం కూడా తలదాల్చాను: సర్వర్ పంపే ప్రతి హెచ్చరికా నేరుగా రాజన్న ఫోన్‌కే. మెమరీ కాస్త నిండితే మోత, తగ్గితే మోత. శుక్రవారం బిర్యానీ తిని నడుం వాల్చాడా, మళ్లీ మోత.

“దండం వెడ్త సారూ, నీ సర్వర్ నువ్వే సూసుకో!”

“అదెలా రాజన్నా? ముందు నీకే చెప్పాలిగా!”