మస్తానన్న ఎడమకాలు

పొద్దున నిమ్మకాయలు కోస్తుంటే పక్క తోటలోంచి మాడిన వాసన వచ్చింది. అన్నం మాడిన వాసన కాదు, రబ్బరు కాలిన వాసనా కాదు. గొంతులో గరగరలాడి, నాలుక మీద చేదుగా నిలిచిపోయే వాసన. క్లచ్ ప్లేటు కాలుతోందని చూడకుండానే తెలిసింది. ఆ వెంటే ట్రాక్టరు వెనక మట్టి దున్నే రోటావేటరు ఠక్కుమని అదిరిన చప్పుడు. ఎవడో కొత్త డ్రైవరు బ్లేడ్లు ముందే నేలలోకి దించేసి, ఇంజను రేసు చేసి, ఒక్కసారిగా క్లచ్చి వదిలేసి ఉంటాడు. మామూలుగా అయితే గట్టు మీదికెక్కి నాలుగు మాటలు అనేదాన్ని. ఈ రోజు గట్టు ఎక్కలేదు. మస్తానన్న చివరిసారి మా తోటలోకి బండి తెచ్చినప్పుడు కూడా ఇదే వాసన.

మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. చిల్లకూరు చుట్టుపక్కల నిమ్మతోటల వాళ్ళకు తప్ప ఆయన పేరు తెలిసే అవకాశం లేదు. ఆయనా, భార్య ఫాతిమక్కా మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేవారు. పిల్లలు లేరు. ఒక చిన్న ట్రాక్టరు, దాని వెనక రోటావేటరు, అదే వాళ్ళ బతుకు. పెద్ద ట్రాక్టర్లు నిమ్మకొమ్మల కింద దూరలేవు కాబట్టి మా తోటలన్నీ ఆయనే దున్నేవారు. మా ఆయన లారీ ఎక్కితే వారాల తరబడి ఇంటి మొహం చూడడు. తోట నా నెత్తిన పడింది. దున్నకానికి ఒకరిని బతిమాలుకోవడం నాకు చేతకాదు, నోరు కాస్త దురుసు. అందుకని ఒకరోజు వెళ్ళి "బండి తోలేది నాకు నేర్పన్నా" అని అడిగేశాను. ఆడదానివి నీకెందుకు అంటారేమోనని దారంతా జవాబు కూర్చుకుంటూ వెళ్ళాను. ఆయన నా మొహం వైపు కాదు, కాళ్ళ వైపు చూశారు.

"చెప్పులిడిచి ఎక్కుమే" అన్నారు. అంతే.

బండి తోలడం త్వరగానే పట్టుబడింది. కష్టమంతా పీటీఓ దగ్గరే. ఇంజను బలాన్ని వెనకున్న రోటావేటరుకు అందించే ఇరుసు అది. తిరగకుండా ఊరికే ఉన్న ఇనుమును తిరుగుతున్న ఇంజనుతో కలపాలి. కలిపేటప్పుడు తొందరపడితే ప్లేటు అరుగుతుంది, గేరు పళ్ళు దెబ్బ తింటాయి. "నిలబడుండే మనిషిని ఎనకనించి తోస్తే బోర్లా పడతాడు. చెయ్యి పట్టుకోని నడిపిస్తే నడుస్తాడు. ఇదీ అంతేమే" అనేవారు మస్తానన్న. ఇంజను నెమ్మదిగా ఉండాలి. రోటావేటరు నేలకు జానెడు పైన ఆగాలి, మరీ ఎత్తితే బండినీ దాన్నీ కలిపే షాఫ్టు వంగి కొట్టుకుంటుంది. క్లచ్చి అడుగుదాకా తొక్కి, లోపల గేర్లు నిలిచేదాకా ఒక ఊపిరి ఆగి, అప్పుడు పీటీఓ లివరు వెయ్యాలి. అక్కడినుంచి పనంతా ఎడమకాలిది. పెడలు పైకి వస్తుంటే ఒకచోట అరికాలి కింద సన్నటి వణుకు పుడుతుంది. అక్కడ కాలు ఆపాలి. బ్లేడ్లు తిరగడం మొదలయ్యాక మిగిలింది వదలాలి. తిరుగుడు కుదురుకున్నాకే యాక్సిలేటరు పెంచడం, బండి కదులుతుండగా బ్లేడ్లు మట్టిలోకి దించడం. నేను వదిలిన ప్రతిసారీ బండి ఎగిరిపడేది. "పళ్ళు కొరకతా ఉండాది, ఇనబడ్లేదా నీకు? మళ్ళీ" అనేవారు. ఒక పూటంతా ఒక్క సాలు కూడా దున్ననివ్వకుండా అదే చేయించారు. మధ్యలో శ్రీహరికోట వైపు రాకెట్టు లేచింది. తోటలో కూలోళ్ళంతా గంపలు దించి ఆకాశంలోకి చూశారు. ఆయన నా పాదం మీదినుంచి చూపు తిప్పలేదు. మనసులో ఆయన్ని ఎన్ని తిట్టుకున్నానో దేవుడికెరుక. సాయంత్రానికి నా అరికాలికి ఆ వణుకు దొరికింది. బ్లేడ్లు చప్పుడు లేకుండా తిరిగాయి. ఆయన మెచ్చుకోలేదు, దిగి టీ తాగి రమ్మన్నారు. ఆ టీ రుచి నాకు ఇంకా గుర్తుంది.

ఉత్తకాళ్ళతో నడపాలన్నది ఆయన పట్టు. బండి మీద సరే, తోటలో కూడా అలాగే తిరిగేవారు. నిమ్మతోటంటే నేలంతా ముళ్ళే. చొక్కా గుండీల దగ్గర ఒక పిన్నీసు ఉండేది, ముల్లు గుచ్చుకుంటే బండి ఆపి, తీసుకుని, మళ్ళీ ఎక్కేవారు. ఆయనకు షుగరు వచ్చిందని ఫాతిమక్క చెప్పినప్పుడు మొదట నాకు ఆ కాళ్ళే గుర్తొచ్చాయి. "కాళ్ళు మొద్దుబారతాయంట, బూట్లేసుకోమన్నాడు డాక్టరు. నువ్వన్నా చెప్పు, నా మాట ఇంటాడా" అని ఆమె మొత్తుకుంది. కాన్వాసు బూట్లు తనే కొనుక్కొచ్చింది కూడా. ఆయన వాటిని బండి మడ్‌గార్డుకు కట్టి తిప్పారు గాని కాలికి తొడగలేదు. నేను వెళ్ళి పోట్లాడాను. 

"బూటేసుకుంటే క్లచ్చి యాడ పట్టేదీ నాకు తెలవదుమే. అది తెలవకపోతే నేనింక ఎందుకు?" అన్నారు.

ఆయనకు తెలిసిన పని అదొక్కటే. ఆ పని ఉన్నది ఆ అరికాల్లోనే.

తర్వాతి సంవత్సరం వానలు తగ్గాక మా తోట దున్నడానికి వచ్చారు. నాకు జ్వరంగా ఉండి ఆయన్నే తోలమన్నాను. గట్టు మీద కూర్చుని చూస్తున్నాను. పీటీఓ వేశారు, క్లచ్చి వదిలారు, రోటావేటరు ఠక్కుమని అదిరింది. అన్నేళ్ళలో ఆయన చేతి కింద ఆ చప్పుడు నేను వినలేదు. ఆయన వెనక్కి తిరిగి యంత్రం వైపు చూశారు. రెండోసారీ అదే అయింది. మూడోసారి కాలు సగంలోనే ఆగిపోయింది, ఎక్కడ ఆగిందో ఆయనకు తెలియలేదు. బండి మూలుగుతోంది, ప్లేటు కాలుతున్న వాసన చెట్ల కిందంతా కమ్ముకుంది. నేను లేచి పరిగెత్తాను. ఆయన ఇంజను ఆపేసి "ప్లేటు అరిగినట్టుండాది" అన్నారు. పోయిన నెలలోనే గూడూరులో కొత్త ప్లేటు వేయించిన సంగతి ఇద్దరికీ తెలుసు. పెడలు మీద రక్తం ఉంది. 

"అన్నా, కాల్లో ముల్లు దిగుండాది" అన్నాను.

"ఏ కాల్లోమే?" అని అడిగారు.

వంగి ఆయన ఎడమకాలు పైకెత్తి చూశాను. బొటనవేలి కింద గోరంత పొడవు ముల్లు విరిగి ఉంది, చుట్టూ చీము పట్టి నల్లబడింది. ఎన్నాళ్ళనుంచి దాని మీద నడుస్తున్నారో. నేను పిన్నీసుతో లాగుతుంటే ఆయన ఎవరి కాలో చూస్తున్నట్టు చూశారు. నెల్లూరు ఆస్పత్రిలో మొదట వేలు తీశారు, తర్వాత పాదం తీశారు, చివరికి మోకాలి కిందిదాకా తీసేశారు. ఫాతిమక్క బండి తాళం తెచ్చి నా చేతిలో పెట్టి "ఇంటి ముందరుంటే చూసి ఏడస్తా ఉండాడు. నువ్వే తోలుకో" అంది.

చాన్నాళ్ళు ఆయన మా వైపు రాలేదు. నేను వెళితే గోడ వైపు తిరిగి పడుకునేవారు. ఒక మధ్యాహ్నం ఏం తోచిందో కర్రల మీద మా తోటలోకి వచ్చారు. బండి సిద్ధంగా ఉంది. వెనక్కి పోయి షాఫ్టు దగ్గర ఎవరూ లేరని చూసుకుని వచ్చి, "న్యూట్రల్లో పెట్టి స్టార్టు చెయ్‌మే. బ్రేకు ఎయ్యి" అన్నారు. చేశాను. కర్రలు చెట్టుకు ఆనించి, ఎడమపక్క మడ్‌గార్డుకు భుజం ఆన్చి నిలబడి, వంగి రెండు అరిచేతులతో క్లచ్చి పెడలును అడుగుదాకా నొక్కారు. "లివరెయ్యి" అన్నారు. వేశాను. చేతుల్ని కొంచెం కొంచెంగా పైకి రానిచ్చారు. ఒకచోట ఆగారు. వెనక బ్లేడ్లు చిన్న చప్పుడైనా లేకుండా తిరగడం మొదలెట్టాయి.

"తెలస్తా ఉండాదిమే" అన్నారు. "చేతికి తెలస్తా ఉండాది."

ఆయన ఏడుస్తున్నారు. నేనూ ఏడ్చాను. నేను ఇంజను ఆపేదాకా ఆయన ఆ పెడలు మీదినుంచి చేతులు తియ్యలేదు.

ఆ ఏడు తిరక్కుండానే రెండో కాలికీ పుండు లేచి మస్తానన్న పోయారు. ఆయన మొండితనం మీద నాకిప్పటికీ కోపమే. బూట్లతోనూ క్లచ్చి తెలుస్తుంది, నేను పల్చటి బూట్లు వేసుకునే నడుపుతున్నాను. అరికాలికి కొంచెం దూరంగానైనా ఆ వణుకు అందుతుంది. బాగా అలవాటైనవాళ్ళకు అందుతుంది. ఆ సంగతి ఆయనతో వాదించి గెలవాలని ఉండేది. మూడేళ్ళ కిందట నాకూ షుగరు ఉందన్నారు. అప్పటినుంచి తోట నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని, పంచలో దీపం కింద కూర్చుని, బొటనవేలి గోటితో రెండు అరికాళ్ళనూ గట్టిగా గుచ్చి చూసుకుంటాను. నొప్పి పుడితే ఆ పూట అన్నం సయిస్తుంది.