బ్రేకు తీగలు

గంగులుకి ఇంజన్ల పని నేర్పింది సముద్రమే. ఎర్రవానిపేట ఒడ్డున తన పాకలో పడవ మోటార్లను విప్పి, కడిగి, మళ్ళీ బిగించడం పాతికేళ్ళుగా ఆయన బతుకు. ఉప్పు ఏ సందులోంచి దూరుతుందో, ఏ లోహాన్ని ఎన్నాళ్ళలో తినేస్తుందో ఆయనకు తెలిసినట్టు శ్రీకాకుళం షాపుల్లో కూర్చున్నవాళ్ళకు తెలియదని ఊళ్ళో అందరూ అనేవారు. విని విని ఆయనా నమ్మాడు.

చెల్లెలు హేమను అదే పేటలో కొండబాబుకి ఇచ్చారు. కొండబాబుకి సముద్రం పడదు. పడవ ఎక్కితే కడుపులో తిప్పేది. అందుకని వేట మానేసి, పొద్దున్నే ఒడ్డున చేపలు కొని, బండి మీద పెట్టుకుని శ్రీకాకుళం వీధుల్లోనూ దారిలో ఉన్న ఊళ్ళలోనూ అమ్మేవాడు. పాత మోపెడ్ చచ్చిపోయాక, పెట్రోలు గోల ఉండదని ఎలక్ట్రిక్ స్కూటర్ ఒకటి శ్రీకాకుళంలో భీమశంకరరావు షాపులో తీసుకున్నాడు. వెనక చేపల పెట్టె, ముందు కాళ్ళ దగ్గర ఐసు సంచి. అరుచుకుంటూ వెళ్తుంటే బండి చప్పుడు లేకపోవడం వల్ల తన గొంతు నాలుగు వీధుల దాకా వినిపిస్తోందని మురిసిపోయాడు.

ఆ మురిపెం మొదటి వానాకాలం దాకానే. ఐసు కరిగిన నీళ్ళు, చేపల నీళ్ళు, పైనుంచి వాన. అన్నీ కలిసి సీటు కింద కారేవి. కంట్రోలర్ ఉండేది అక్కడే. బ్యాటరీలోంచి మోటారుకి ఎంత కరెంటు వెళ్ళాలో కొలిచి పంపే పెట్టె అది. ఒకరోజు నడిరోడ్డు మీద బండి ఠపీమని ఆగిపోయింది. షాపుకి తోసుకెళ్తే భీమశంకరరావు ఆ పెట్టె విప్పించి, లోపల పచ్చగా పట్టిన చిలుము చూపించాడు. ఈ బండి ఆఫీసుకి వెళ్ళేవాళ్ళ కోసం చేసిందని, చేపల నీళ్ళు పోస్తే వారంటీ వర్తించదని మర్యాదగానే చెప్పాడు. కొత్తది వేయించుకున్నాడు కొండబాబు. అదీ మూడు నెలలకే పోయింది. ఈసారి ఎండలో ఆరు కిలోమీటర్లు బండి తోసుకుంటూ ఇంటికొచ్చేసరికి పెట్టెలో చేపలు మెత్తబడి కంపు కొడుతున్నాయి. వాటిని గోతిలో పోసి, తిన్నగా గంగులు పాకకి వచ్చాడు.

గంగులు వారం రోజులు ఆ బండితోనే గడిపాడు. అప్పటిదాకా ఎలక్ట్రిక్ బండి ఆయన చేతికి రాలేదు. ఫోనులో వీడియోలు చూసి, పాత కంట్రోలర్‌ని ముక్కలు ముక్కలుగా విప్పి అర్థం చేసుకున్నాడు. రెండు పెట్టెల చేపలతో గట్టు ఎక్కాలంటే బండికి వచ్చిన కంట్రోలర్ చాలదని, వైజాగ్ నుంచి ఇంకా ఎక్కువ కరెంటు మోసే పెద్దది తెప్పించాడు. దాని బోర్డు మీద పారదర్శకమైన వార్నిష్ రెండు పూతలు పూశాడు. మందపాటి అల్యూమినియం పెట్టెలో దాన్ని కూర్చోబెట్టి, వేడి బయటికి పోయేలా పెట్టె గోడకి అంటించి బిగించాడు. తీగ వెళ్ళే ప్రతి కన్నానికీ రబ్బరు బిరడా. ఆ తీగలైనా తిన్నగా పెట్టెలోకి వెళ్ళవు. ముందు కిందికి వంగి, తర్వాత పైకి వెళ్తాయి. తీగ వెంట జారిన నీటి చుక్క వంపు దగ్గరే నేల మీద పడిపోవాలి. మూతకి పడవ ఇంజన్ల వాషరు వేశాడు. అంతా అయ్యాక ఆ పెట్టెను సముద్రపు నీళ్ళ బకెట్లో ఒక రోజంతా ముంచి ఉంచి, తీసి విప్పాడు. లోపల పొడిగా ఉంది. ఆ పూట ఆయన పాకలో ఒక్కడే కూర్చుని నవ్వుకున్నాడు.

బండి ఏనుగులా లాగేది. అయినా వాన పడినప్పుడు మాత్రం అప్పుడప్పుడూ ఆగిపోయేది.

గంగులు వెతికి పట్టుకున్నాడు. తప్పు పెట్టెది కాదు. బ్రేకు పిడుల్లో చిన్న స్విచ్చులు ఉంటాయి. వాటి నుంచి సన్నటి తీగలు కంట్రోలర్‌లోకి వస్తాయి. బ్రేకు నొక్కగానే మోటారుకి కరెంటు ఆపెయ్యడం వాటి పని. ఉప్పు నీళ్ళు పట్టి స్విచ్చు అతుక్కుపోతే, ఎవరూ బ్రేకు నొక్కకపోయినా నొక్కినట్టే అనుకుని కంట్రోలర్ మోటారుని ఆపేస్తోంది. రెండుసార్లు స్విచ్చులు మార్చాడు. రెండుసార్లూ నెల తిరక్కుండా తుప్పు పట్టాయి.

"తీసీ బావా ఆ తీగలు," అన్నాడు కొండబాబు. "బ్రేకు నా సేతిలో ఉన్నాది గదా. మజ్జిన దానికేటి పని?"

గంగులు వెంటనే ఒప్పుకోలేదు. ఆ తీగలు దేనికున్నాయో చెప్పాడు. కొండబాబు విని తల ఊపి, మర్నాడు మళ్ళీ అదే అడిగాడు. ఆ మర్నాడు బండి మళ్ళీ ఆగింది. చివరికి గంగులు కటింగ్ ప్లేయర్ తీసుకుని ఆ తీగలు కత్తిరించేశాడు. పెట్టెకి ఒక కన్నం తగ్గింది, ఉప్పు దూరడానికి ఒక దారి తగ్గింది అనుకున్నాడు. ఖాళీ కన్నాన్ని సిలికాన్‌తో పూడ్చేశాడు.

ఆ తర్వాత పద్నాలుగు నెలలు బండి ఒక్కసారి కూడా ఆగలేదు.

కిందటి అక్టోబరులో తుపాను వాన పట్టింది. రెండో రోజు ఉదయం పదింటప్పుడు కొండబాబు కాలవ గట్టు మీద వస్తున్నాడు. యాక్సిలేటర్ వదిలేసినా బండి వేగం తగ్గలేదు. తగ్గకపోగా పెరిగింది. రెండు బ్రేకులూ బిగించి పట్టుకున్నాడు. పెద్ద కంట్రోలర్ ఇచ్చే బలం ముందు ఆ పాత బ్రేకులు నిలవలేకపోయాయి. తాళం తిప్పుదామంటే బ్రేకు మీంచి చెయ్యి తియ్యడానికి భయం. మలుపు దగ్గర బండి గట్టు దిగిపోయింది. తూము రాళ్ళ మీద వెల్లకిలా పడ్డాడు కొండబాబు. బండి నీళ్ళలో మునిగింది. పరిగెత్తుకొచ్చిన వాళ్ళు ముందు మనిషిని తీసి, తర్వాత బండిని తాడు కట్టి లాగారు. అప్పటికింకా వెనక చక్రం గిర్రున తిరుగుతూనే ఉందట.

వెన్నెముక విరిగింది. ఆస్పత్రిలో నెలన్నర ఉంచి, నడుము కింద ఇక స్పర్శ రాదని చెప్పి పంపేశారు.

గంగులు బండిని తన పాకకి తెచ్చుకుని కంట్రోలర్ పెట్టె మూత విప్పాడు. లోపల ఒక్క చుక్క తడి లేదు. వార్నిష్ పూత నిన్ననే వేసినట్టు మెరుస్తోంది. తర్వాత యాక్సిలేటర్ పిడి విప్పాడు. పిడి ఎంత తిప్పారో కనిపెట్టే చిన్న ముక్క ఒకటి అందులో ఉంటుంది. దాని చుట్టూ నీళ్ళు, ఉప్పు పేరుకుని ఉన్నాయి. నీళ్ళు చేరి అది నిండా తిప్పినట్టు లెక్క చూపించింది. కంట్రోలర్ దాన్ని నమ్మింది. కత్తిరించిన ఆ బ్రేకు తీగలు ఉండి ఉంటే, కొండబాబు బ్రేకు నొక్కిన క్షణాన మోటారు ఆగిపోయేది. గంగులు పిడిని మళ్ళీ బిగించి, చేతులు తుడుచుకుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా ఇంటికి వెళ్ళాడు.

కొండబాబు ఇంటికి వచ్చిన నెల నుంచే పాకకి జనం రావడం మొదలైంది. మొదట వచ్చినవాడు వెంకీ. పక్క పేటలో వాడిదీ చేపల బేరమే. కాలవలో మునిగినా ఆగని పెట్టె తనకీ కావాలన్నాడు. ఆ మాట ఎవరు చెప్పారని గంగులు అడిగితే, కొండబాబేనని వెంకీ అన్నాడు. పలకరించడానికి వచ్చిన ప్రతి మనిషికీ మంచం మీంచి కొండబాబు అదే చెబుతున్నాడట: తన నడుము పోయింది గానీ, తన బావ చేసిన పెట్టె మాత్రం పోలేదని, బండి అంటే అలా చెయ్యాలని.

గంగులు కాదనలేకపోయాడు. చెల్లెలి ఇల్లు గడవాలి. వచ్చినదంతా అక్కడికే పంపేవాడు. ఈసారి మాత్రం ప్రతి బండికీ బ్రేకు తీగలు ఉంచాడు. స్విచ్చులకి రబ్బరు తొడుగులు వేసి, గ్రీజు పెట్టి, యాక్సిలేటర్ పిడిని కూడా నీళ్ళు దూరకుండా మూశాడు. ఆ తొడుగులు కొన్నాళ్ళు ఆగాయి, తర్వాత చిరిగాయి. బండ్లు వానలో ఆగసాగాయి. ఒక్కొక్కరే వచ్చి, కొండబాబు బండికి తీసినట్టే ఆ తీగలు తియ్యమన్నారు. గంగులు తియ్యనన్నాడు. ఎందుకని అడిగితే కారణం చెప్పలేకపోయేవాడు. వాళ్ళు బండ్లను శ్రీకాకుళం తోలుకెళ్ళారు. భీమశంకరరావు షాపులోనే ఇప్పుడు ఒక మెకానిక్ నిలబడ్డపాటున ఆ తీగలు తెంపి పంపేస్తున్నాడని విన్నాడు. ఆ మాట విన్న మధ్యాహ్నం గంగులు చెల్లెలి ఇంటికి వెళ్ళాడు.

కొండబాబు గోడకి ఆనుకుని ఉన్నాడు. హేమ గుమ్మంలో కూర్చుని ఎండుచేపలు ఏరుతోంది. గంగులు మంచం పట్టె మీద కూర్చుని, తల ఎత్తకుండా, యాక్సిలేటర్ పిడి సంగతీ తీగల సంగతీ మొదటినుంచి చివరిదాకా చెప్పాడు.

"నాకు తెల్సు బావా," అన్నాడు కొండబాబు. "కాలవలో పడినప్పుడే తెల్సింది. నానే గదా తీమన్నాను. ఎవలికీ సెప్పనేదు. నువ్వూ సెప్పకు."

గుమ్మం దగ్గర చేతుల చప్పుడు ఆగిపోయింది.

"మీ ఇద్దరికీ తెల్సు," అంది హేమ. "నాకొక్కదానికే తెలీదు." లేచి వచ్చి అన్న ఎదురుగా నిలబడింది. "ఆయన సేపలమ్మేవోడు. ఆయనకేటి తెలస్తాది? ఆ తీగ ఎందుకున్నాదో తెలిసినోడివి నువ్వు. అడిగితే తీసేస్తావా అన్నా?"

కొండబాబు ఆమెను కసిరాడు. ఆమె వినలేదు, గొంతు పెంచనూ లేదు. ఇక నుంచి తమ ఇంటికి ఏమీ పంపొద్దని, తనకి రెక్కలున్నాయని చెప్పి, మళ్ళీ వెళ్ళి చేపల ముందు కూర్చుంది. గంగులు లేచి ఇంటికి వెళ్ళాడు.

కొండబాబు బండిని హేమ అమ్మకానికి పెట్టింది. కొన్నది వెంకీ. ఆ సంగతి తెలిసి గంగులు పక్క పేట దాకా నడిచి వెళ్ళి, తీగలు తిరిగి కలిపి ఇస్తానని, ఒక్క గంట బండి ఇమ్మని అడిగాడు. బండ్లు చేయించుకున్న ఇంతమందిలో ఆయన అసలు కారణం చెప్పింది వెంకీకే. వెంకీ శ్రద్ధగానే విన్నాడు.

"అది కలిపితే వానకి ఆగిపోతాది గదా మావా," అన్నాడు. "నాను నెమ్మదిగానే తోలతానులే."

గంగులు ఎలక్ట్రిక్ బండ్ల పని మానేశాడు. పాకలో మిగిలిన అల్యూమినియం పెట్టెల్ని ఎవరో వచ్చి సామాన్లు దాచుకోవడానికి పట్టుకెళ్ళారు. పడవ మోటార్లు ఉన్నాయి. అవి ఆగితే మనిషి అక్కడే నీళ్ళ మీద కూర్చుని ఎవరైనా వచ్చేదాకా ఎదురుచూస్తాడు. ఆ పాటి తప్పు తను భరించగలనని ఆయనకి అనిపిస్తుంది.

హేమ ఇప్పుడు చేపల తట్టతో ఆటోలో శ్రీకాకుళం వెళ్తోంది. కంపు కొడుతుందని కొందరు ఎక్కించుకోరు. రెండు మూడు ఆటోలు పోనిస్తే గానీ ఒకటి దొరకదు. మొన్న ఏదో వాషరు కోసం వెళ్ళి గంగులు ఏడురోడ్ల కూడలిలో నిలబడి ఉండగా, ఆమె ఆటో అక్కడే ఆగింది. ఆమె దిగి, తట్టని రోడ్డు మీదికి దించుకుంది. నిండు తట్ట. ఒక్క మనిషే నెత్తి మీదికి ఎత్తుకోవడం కుదరదు, ఎవరైనా చెయ్యి వెయ్యాలి. గంగులు నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. దగ్గరికి వెళ్ళి వంగి తట్ట అంచు పట్టుకున్నాడు.

హేమ వంగలేదు. చుట్టకుదురు చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది. ఆయన అంచు వదిలి పక్కకి జరిగాక, అటుగా వెళ్తున్న ఎవరో ఆడమనిషిని పిలిచి, ఓ చెయ్యి వెయ్యమని అడిగింది.