కుట్టకుండా ఉంచిన మూల

ఆ కుర్చీ మొదటిరోజు వీధికి అవతల ఉంది. నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీ. అందులో ఒక మనిషి కాళ్ళు చాపుకుని పరుపుల కొట్టు వైపే చూస్తూ కూర్చున్నాడు. అరవలేదు, తిట్టలేదు. మూడోరోజుకి కుర్చీ రోడ్డు దాటింది. వారం తిరిగేసరికి కొట్టు మెట్టుకి ఆనుకుంది.

"ఏం లేదక్కా, ఎండ కొడుతోందని కాస్త నీడకి జరిగాను," అన్నాడు.

అతను ఫైనాన్సు వాళ్ళ మనిషని పరుపులామెకి తెలుసు. భర్త పోయి ఎనిమిది నెలలైంది. దూది కోసం, దూదేకే మిషను కోసం, చివర్లో ఆసుపత్రి కోసం ఆయన తెచ్చిన ప్రతి అప్పు కాగితం మీదా ఆమె సంతకం కూడా ఉంది. ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టింది. ఆయన వెళ్ళిపోయాడు, సంతకాలు మిగిలాయి.

ఆయనకొక పద్ధతి ఉండేది. పరుపంతా కుట్టినా ఒక మూల జానెడు మేర కుట్టకుండా వదిలేవాడు. కొనేవాళ్ళు వచ్చాక, "చెయ్యి పెట్టి చూసుకోండి. లోపల ఒక్క గుడ్డపీలిక దొరికినా నా చెవి కోసెయ్యండి," అనేవాడు. వాళ్ళు చూసుకున్నాకే ఆ మూల మూసేవాడు. ఆయన చేతి ఆఖరి పరుపు అలాగే గోడకి చేరేసి ఉంది. ఆమెకి కుట్టబుద్ధి కాలేదు. ఎవరూ లేనప్పుడు అందులో చెయ్యి పెట్టి కాసేపు అలా ఉండిపోయేది.

"ఐపీ పెట్టేయండమ్మా," తన దగ్గరికొచ్చిన ఆమెతో అన్నాడు ప్లీడరుగారు. "తీర్చే శక్తి లేదని కోర్టుకి చెప్పుకుంటారు. ఉన్నదేదో కోర్టు తీసుకుని అందరికీ పంచుతుంది. ఆ తర్వాత మీ మెట్టు దగ్గర ఎవడూ కుర్చీ వెయ్యడు."

"నలుగురూ ఏమనుకుంటారో అని..."

"ఆ నలుగురిలో ఒక్కడైనా మీ వాయిదా కడతాడా?" అని, కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "ఈ ఏడాదిలో చుట్టాలెవరికైనా డబ్బు తిరిగిచ్చారా?"

ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. పోయిన నెల మిషను అమ్మి, వచ్చినదంతా ఆడపడుచు చేతిలో పెట్టింది. అన్న ఆసుపత్రి ఖర్చుకి ఆ పిల్ల తన గాజులు తాకట్టు పెట్టింది మరి. ముందు ఇంట్లోవాళ్ళది తీరాలి, తర్వాతే బయటివాళ్ళది అనుకుంది.

"అక్కడే పొరపాటు చేశారు. కోర్టు ఆవిడ దగ్గర్నించి అది వెనక్కి లాగుతుంది."

"అది ఐపీ కాగితంలో రాయకుండా ఊరుకుంటే?"

"తర్వాత బయటపడితే ఐపీ కొట్టేస్తారు. పైగా మీ మీద కేసు. చుట్టాలకి ఇచ్చింది రాసే గడి ఖాళీగా ఉంచాను. ఆలోచించుకుని రేపు సంతకం పెట్టి తెండి."

తిరిగొచ్చేసరికి కొట్టు మెట్టు దగ్గర కుర్చీ లేదు. అమ్మయ్య అనుకుంది. ఆ వెంటనే గుర్తొచ్చింది. నాలుగు రోజుల కిందట అతను నవ్వుతూ అడిగాడు, "మిషను చప్పుడు లేదేంటక్కా, నాకు కునుకు పట్టట్లేదు," అని. ఇక తన దగ్గరేం లేదని తెలిస్తే వదిలేస్తాడనుకుని, అమ్మేశాననీ, ఆ డబ్బు ఆడపడుచుకి ఇచ్చేశాననీ తనే చెప్పింది. "మంచి పని చేశారక్కా," అన్నాడు.

ఆదరాబాదరా ఆడపడుచు ఇంటికి వెళ్ళింది. నీలం కుర్చీ అక్కడ, గుమ్మానికి రెండు బారల దూరంలో ఉంది.

"రా వదినా!" అంది ఆడపడుచు, అతనికి మంచినీళ్ళు అందిస్తూ. "ఈయన నీకు తెలుసటగా. పొద్దున్నించీ అన్నయ్య కబుర్లే. మా అన్న ఊరందర్నీ మెత్తగా నిద్రపుచ్చాడు, మా వదినకే నిద్ర లేకుండా చేసిపోయాడు అని నేనంటే ఈయనకి ఒకటే నవ్వు."

అతను నీళ్ళు తాగుతూ ఆడపడుచు చేతులకేసి చూశాడు. "గాజులు బాగున్నాయి చెల్లెమ్మా. కొత్తవా?"

"కొత్తవేంటి, మా అమ్మవి. విడిపించుకొచ్చి నెల కూడా కాలేదు."

"నెల కూడా కాలేదు," అన్నాడతను, ఎక్కడో రాసుకుంటున్నట్టు మెల్లగా.

పరుపులామెకి అర్థమైంది. ఆ గడి తను ఖాళీగా వదిలినా ఈ మనిషి కోర్టులో నింపుతాడు. సంచిలోంచి కాగితం తీసి, గుమ్మం మీదే కూర్చుని, ఖాళీ గడిలో ఆడపడుచు పేరూ, ఇచ్చిన డబ్బూ కూడబలుక్కుని రాసింది. రాసి ఆడపడుచుకి ఇచ్చింది.

"నా పేరు కదా ఇది?"

"ముందు నువ్వు చూసుకోవాలి. చూశాకే సంతకం పెడతాను. మీ అన్నయ్య అయితే అలాగే చేసేవాడు."

ఆ పిల్ల చాలాసేపు చదివింది. మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో తెలీలేదు.

"మా అన్న ఈ గాజులు నన్నడిగి తీసుకున్నాడు. నువ్వు నన్నడక్కుండానే కోర్టుకి ఇచ్చేస్తున్నావు వదినా."

"తల్లీ, నా మాట కాస్త..."

కాగితం ఒళ్ళో పడేసి ఆడపడుచు లోపలికి వెళ్ళిపోయింది. గడియ పడ్డ చప్పుడు వినిపించింది. మూసిన తలుపు ముందు కూర్చుని పరుపులామె సంతకం పెట్టింది. కాగితం కోర్టుకి చేరడానికి ఇంకా ఒక రోజంతా ఉంది, అప్పటిదాకా ఆ కుర్చీని ఆపేవాళ్ళెవరూ లేరు.

వెనకాల కుర్చీ కాళ్ళు నేల మీద గీసుకున్నాయి, దగ్గరగా.

"ఏం లేదక్కా," అన్నాడతను. "ఎండ."