ఇద్రీస్ మాస్టారి క్షమాపణ పత్రాలు

ఇంగ్లీషులో ఏ మాటా ఒంటరిగా బతకదని ఇద్రీస్ మాస్టారి నమ్మకం. రిగ్రెట్ అనాలంటే ముందు డీప్లీ ఉండాలి. రిక్వెస్ట్‌కి హంబ్లీ. అవేర్‌కి ఫుల్లీ, అన్‌అవేర్‌కి టోటల్లీ. ఇన్సిడెంట్ ఎప్పుడూ అన్‌ఫార్చునేట్. ఎవరైనా ‘స్ట్రాంగ్లీ సారీ’ అని రాసుకొస్తే అన్నంలో రాయి తగిలినట్టు మొహం పెడతాడు. జంట తప్పిన వాక్యాన్ని ఆఫీసరు సగంలోనే పక్కన పడేస్తాడని అతని వాదన.

వన్‌టౌన్‌లో ఒకప్పుడు అతనిది టైపు ఇన్‌స్టిట్యూట్. మిషన్లు పాత ఇనుము కొట్టుకి పోయాక, అదే గదిలో ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు పెట్టుకుని ఉత్తరాలు రాసిపెట్టే పనిలో పడ్డాడు. పరదాకి అవతల భార్య మెహరున్నీసా జాకెట్లు కుడుతుంది.

“ఊరందరి తరఫునా డీప్లీ సారీ చెబుతావు. పెళ్ళయి ముప్ఫై రెండేళ్ళు, నాకు ఒట్టి సారీ అయినా చెప్పావా?” అంటుంది.

“నువ్వు షోకాజ్ నోటీసు ఇచ్చావా ఎప్పుడైనా?” అంటాడు అతను.

వచ్చేవాళ్ళు ఎక్కువమంది రేవు చుట్టుపక్కల యార్డుల్లో కాంట్రాక్టు పనివాళ్ళు. షోకాజ్ నోటీసు ఇంగ్లీషులో వస్తుంది. నలభై ఎనిమిది గంటల్లో సంజాయిషీ ఇంగ్లీషులో ఇవ్వాలి. పనివాడికి తన భాషలో జవాబిచ్చే హక్కుందని మాతృభాషా దినోత్సవం నాడు సభల్లో చెబుతారు. ఉందేమో. ఆ జవాబు తీసుకునే బల్ల మాత్రం ఏ గేటు దగ్గరా లేదు.

మాస్టారి పద్ధతి ఒకటే. పైన క్షమాపణ, మధ్యలో జరిగిన సంగతి, కింద మళ్ళీ క్షమాపణ. ఆలస్యంగా వచ్చినవాడికీ, డ్యూటీలో కునుకు తీసినవాడికీ, చెప్పకుండా పెళ్ళికి పోయినవాడికీ ఆ ఉత్తరమే పనిచేసింది. నేరం చిన్నదైతే ఆఫీసరుకి కావలసింది నిజం కాదు, వంగిన నడుము. ఆ వంపుని మాస్టారు అచ్చులో తీసి ఇచ్చేవాడు. తప్పు లేనివాడు వస్తే ఏం రాయాలో అతను ఎప్పుడూ ఆలోచించలేదు. ఆలోచించాల్సిన రోజు జూలైలో వచ్చింది.

గోపాలపట్నం నుంచి కోటి అనే మనిషి వచ్చాడు. ఒక ప్రైవేటు స్టాక్‌యార్డులో క్రేను కింద నిలబడి, చేతులతో సైగలు చేసి బరువు ఎత్తించే సిగ్నల్‌మ్యాన్. పదకొండేళ్ళ అనుభవం. అంతకుముందు రోజు ఉక్కు ప్లేట్ల కట్టని ఎత్తుతుండగా దాన్ని పట్టి ఉంచే తీగతాడు, అంటే స్లింగు, తెగింది. కన్నబాబు అనే తోటి పనివాడి పాదం నుజ్జయింది. సైగ చేసింది కోటి కనుక నోటీసు కోటికి వచ్చింది.

“నాను ముందే సెప్పాను మాస్టారూ. స్లింగు తీగలు లేసిపోనాయి, ఎత్తొద్దు అన్నాను. సూపర్‌వైజరు ‘నువ్వేటి ఇంజనీరువా, ఎత్తించరా’ అన్నాడు. ఏటి సేత్తాను?”

“అదంతా రాస్తాను. నువ్వు కంగారు పడకు.”

నిజంగానే రాశాడు. కాని పద్ధతి మారలేదు. డీప్లీ రిగ్రెట్‌తో మొదలుపెట్టి, మధ్యలో స్లింగు సంగతి రెండు వాక్యాల్లో చెప్పి, ఇకమీదట ఎక్స్‌ట్రీమ్లీ కేర్‌ఫుల్‌గా ఉంటాననీ, దయతో క్షమించమని మోస్ట్ హంబ్లీ వేడుకుంటున్నాననీ ముగించాడు. చదివి వినిపిస్తే కోటి దణ్ణం పెట్టాడు. ఆ ఇంగ్లీషు వింటుంటే తన పక్షాన పెద్ద వకీలు నిలబడ్డట్టుంది అన్నాడు.

వారం తిరక్కుండా ఉద్యోగం పోయింది. ఆర్డరులో ఒకే కారణం: తప్పుకి మీరే లిఖితపూర్వకంగా పశ్చాత్తాపపడ్డారు, ఇకమీదట జాగ్రత్తగా ఉంటానన్నారు, అంటే అప్పుడు జాగ్రత్తగా లేరు.

మాస్టారు ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదివాడు. ఎక్కడా అబద్ధం లేదు. అవన్నీ తన మాటలే.

“ఏటి రాసినారు మాస్టారూ?” కోటి అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. “తప్పు నాదని నాను ఒక్కపాలైనా సెప్పానా మీతోటి?”

“చెప్పలేదు.”

“మరి?”

 పరదా అవతల కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది.

ఉద్యోగం పోవడంతో అయిపోలేదు. గేటు పాస్ రద్దయింది. ఒక యార్డులో పాస్ పోయినవాడి ఆధార్ నంబరు కొడితే మిగతా గేట్ల దగ్గర కూడా ఎర్రగీత వస్తుంది. మూడు వారాల్లో కోటి అయిదు గేట్లు తిరిగాడు. అయిదు చోట్లా సెక్యూరిటీవాడు తెర చూసి తల అడ్డంగా తిప్పాడు. ఇంకెక్కడో బతకొచ్చు కదా అని సలహా ఇవ్వడం తేలిక. పదకొండేళ్ళు చేతివేళ్ళతో ఇరవై టన్నులు నడిపినవాడు మధురవాడలో అపార్టుమెంటు ముందు కుర్చీ వేసుకుని వాచ్‌మన్‌గా కూర్చోడానికి వెళితే, వయసెక్కువ అన్నారు.

ఇద్రీస్ మాస్టారు రెండో ఉత్తరం రాశాడు. స్లింగు చూశాను. తీగలు తెగి ఉన్నాయి. సూపర్‌వైజరుకి చెప్పాను. ఎత్తమన్నాడు. ఎత్తించాను. తెగింది. ఆరు వాక్యాలు. ఒక్కదానికీ జంట లేదు. రాయడానికి ఒక పూట పట్టింది. డీప్లీ కొట్టి చెరిపాడు, క్లియర్లీ కొట్టి చెరిపాడు. బట్టల్లేకుండా బజారుకి పంపుతున్నట్టు ఉంది అతనికి. ఆ కాగితం పట్టుకుని కోటితో పాటు తనే యార్డు ఆఫీసుకి వెళ్ళాడు.

హెచ్‌ఆర్‌లో నరసింహమూర్తి అనే ఆయన కూర్చోమన్నాడు. మర్యాదస్తుడు.

“తమరెవరు?”

“మొదటి ఉత్తరం రాసినవాణ్ణి. అందులో క్షమాపణ నాది సార్, ఇతనిది కాదు. నాకు అలవాటు. అందరికీ అలాగే రాస్తాను.”

“సంతకం?”

“అతనిదే.”

“మరి మీతో మాకేం పనండీ?” రెండో ఉత్తరం అందుకుని చదివాడు. నవ్వాడు కూడా. “మొదటిది మంచి ఇంగ్లీషు మాస్టారూ. మేం కూడా అంత బాగా రాయం. ఇదేంటి, ఒకటో తరగతి రీడరులా ఉంది. దీన్ని ఎవరు నమ్ముతారు?”

కోటి ముందుకొచ్చాడు. “నిజం అదే బాబూ. సూపర్‌వైజరుని పిలిసి అడగండి.”

“అడిగాం. ఆయన కాదన్నాడు. ఆయన కూడా ఇంగ్లీషులోనే రాసిచ్చాడు.” నరసింహమూర్తి కోటి వైపు తిరిగి గొంతు తగ్గించాడు. “కన్నబాబు వాళ్ళు కేసు అంటున్నారు. లోపం స్లింగుదా, సైగదా అన్నది తేలాలి. స్లింగుదైతే కేసు మా మీదికి వస్తుంది. నువ్వు ఈ రెండో కాగితం వెనక్కి తీసుకుని, లోపం సైగదే అని పూర్తిగా ఒప్పుకుంటూ ఒక అపాలజీ ఇవ్వు. సిగ్నల్‌మ్యాన్‌గా కాదు, బరువులు మోసే ఖలాసీగా తీసుకునేలా చూస్తాను. ఎర్రగీత తీయిస్తాను.”

“తీసుకుంటారా, తీసుకునేలా చూస్తారా?” అన్నాడు మాస్టారు.

“ముందు ఉత్తరం రానివ్వండి.”

ఇద్దరూ ఎండలో నడిచి బస్సెక్కారు.  వన్‌టౌన్‌లో దిగాక మాస్టారు అన్నాడు: “లేబర్ ఆఫీసుకి వెళదాం కోటీ. కన్నబాబుతో సాక్ష్యం చెప్పిద్దాం.”

“ఆడు ఆస్పత్రిలో ఉన్నాడు. స్లింగు కాడ నానన్న మాట ఆడికి ఇనపడనేదట. రెండుపాల్లు అడిగాను.”

“అయితే యూనియను...”

“మాస్టారూ, ఇంటికాడ నా పెల్లాం ఈశ్వరి మొకం సూడలేక తెల్లారిన కాడినుంచి గేట్లెంబడి తిరుగుతున్నాను. ఇంకెన్ని గేట్లు? రాయండి.”

“రాయను. తప్పు నీది కాదు.”

“తెలుసు.”

“తెలిసి ఎలా రాయమంటావు?”

“మొదటిపాలి తెలీకుండా రాసినారు కదా. ఇప్పుడు తెలిసి రాయండి. అంతే తేడా.”

మెహరున్నీసా పరదా తొలగించి చూసింది.  కోటికి స్టూలు జరిపి లోపలికి వెళ్ళింది.

మాస్టారు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. వేళ్ళకి దారి తెలుసు. డీప్లీ రిగ్రెట్. సోల్లీ రెస్పాన్సిబుల్. ఫుల్లీ అవేర్. గంట పడుతుందనుకున్న ఉత్తరం పది నిమిషాల్లో పూర్తయింది. తెలుగులో అర్థం చెప్పాడు. స్లింగు బాగుంది, సైగ తప్పయింది, నిర్లక్ష్యం పూర్తిగా నాదే, ఎవరూ నా మీద ఒత్తిడి తేలేదు.

కోటి నేల చూస్తూ విన్నాడు. సంతకం పెట్టబోయి ఆగాడు.

“ఆ ‘పూర్తిగా నాదే’ అన్నారే, ఆ ముక్క కాడ ఇంకొంచెం గట్టి మాటేటైనా ఉందా మాస్టారూ? ఆల్లకి నమ్మకం సాల్దేమో.”

ఇద్రీస్ మాస్టారు మళ్ళీ కీబోర్డు దగ్గరికి జరిగి, ఆ వాక్యంలో సిన్సియర్లీ అన్న మాటకి చోటు వెతకసాగాడు.